రబ్బరు స్పీడ్ బ్రేకర్: గేటుకు సరే, వీధికి వద్దు

మా కాలనీ సంఘం చందాలు వేసుకుని కొన్న రబ్బరు స్పీడ్ బ్రేకర్ గురించి రాస్తున్నాను. బెజవాడలో మా వీధి రెండు పెద్ద రోడ్ల మధ్య అడ్డదారి. సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టంలేని ప్రతివాడూ మా గుమ్మాల ముందు నుంచే దూసుకుపోతాడు. బడి వదిలే వేళ పిల్లల్ని చేయి పట్టుకుని రోడ్డు దాటించాలి. కాబట్టి వేగానికి కళ్లెం వేయాలన్న మాటతో నాకు పేచీ లేదు. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైనవాణ్ణి, స్పీడ్ బ్రేకర్ల మంచిచెడ్డలు నా నడుముకు బాగా తెలుసు.

ముందు సరుకు సంగతి. పసుపు ముక్క, నల్ల ముక్క, మళ్లీ పసుపు ముక్క, ఇలా వరుసగా పేర్చి రోడ్డుకు బోల్టులతో బిగిస్తారు. ఒక్కో ముక్క అరమీటరు పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. రెండు కొసలకూ గుండ్రటి ముక్కలు. రాత్రిపూట లైటు పడితే మెరిసే బిళ్లలు కూడా ఉన్నాయి. రబ్బరు గట్టిదే, ఇసుక లారీ ఎక్కి దిగినా చెక్కు చెదరలేదు. డ్రిల్లింగ్ మిషనుతో వచ్చిన కుర్రాడు ఒక పూటలో పని ముగించాడు. అంతవరకు మెచ్చుకోవలసిందే.

తంటా అంతా బోల్టులతో వచ్చింది. మా వీధి సగం సిమెంటు రోడ్డు, సగం తారు రోడ్డు. సిమెంటు మీద బిగించిన వరుస ఇప్పటికీ కదలలేదు. తారు మీది వరుస మాత్రం ఎండలు ముదిరేసరికి వదులైంది. మే నెలలో మా ఊళ్లో తారు మెత్తబడుతుంది, అందులో బోల్టుకు పట్టు ఎక్కడిది? చక్రం పడినప్పుడల్లా ముక్క ఒక అంచు లేచి టప్పుమని నేలకు కొట్టుకునేది. ఆనుకుని ఉన్న ఇంటివాళ్లకు రాత్రుళ్లు నిద్ర కరువైంది. చివరికి నడిమి ముక్క ఊడిపోయింది గానీ దాని బోల్టు మొన అలాగే పైకి నిలిచింది. పాలబ్బాయి సైకిలు టైరులో దిగింది అదే. పెట్టె మీద మాత్రం అన్ని రకాల రోడ్లకూ పనికొస్తుందని రాసి ఉంది.

బోల్టుల సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది దాని ఆకారం. అరగజం కూడా లేని వెడల్పు. మెల్లగా వచ్చేవాడికి ముందు చక్రంతో ఒక కుదుపు, వెనుక చక్రంతో ఇంకొకటి, రెండూ నేరుగా నడుముకే. జోరుగా వచ్చేవాడి బండిలో ఆ దెబ్బను చాలావరకు టైర్లూ షాకబ్జార్లూ మింగేస్తాయి, సీటు దాకా రానివ్వవు. ఆసుపత్రికి ఆటోలో వెళ్లి వచ్చే ఎదురింటి పెద్దావిడ అక్కడికి రాగానే రెండు చేతులతో కడ్డీ పట్టుకుని సీటు మీంచి కాస్త లేస్తుంది. అదే చోట కొందరు కారు కుర్రాళ్లు బ్రేకు మీద కాలు కూడా పెట్టరు. ఇక బైకులు! వాన నీళ్లు పోవడానికి కాలువ పక్కన మూరెడు ఖాళీ వదిలాం. బైకులన్నీ అందులోంచే దూరుతున్నాయి. జనం నడిచే అంచుకు బండ్లను మేమే మళ్లించినట్టయింది.

అసలు కొలతలు ఎప్పటినుంచో ఉన్నాయి. రోడ్డు ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఐఆర్‌సీ 99 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి వంపు, బండ్లు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటాలని అప్పటి లెక్క. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు. కారు రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు రెండున్నర మీటర్లు కనుక బండి మొత్తం వంపు మీదికి ఎక్కి దిగుతుంది. నెమ్మదిగా పోతే హాయిగా దాటుతుంది, వేగం పెరిగేకొద్దీ లోపలివాడికి చుక్కలు కనిపిస్తాయి. మాకు కావలసింది అదే. ఊరి మొగదల రాత్రికి రాత్రి వెలిసే దిమ్మలకు కమాను పట్టీలు విరిగిన బస్సులు చూసినవాణ్ణి, వాటికంటే ఈ రబ్బరు ముక్కలు వెయ్యి రెట్లు నయమని ఒప్పుకుంటాను. పోలిక దిమ్మలతో కాబట్టి అదేమంత గొప్ప కాదు.

అపార్టుమెంటు గేటుకు, సెల్లారు దారికి అయితే నిరభ్యంతరంగా కొనండి. అక్కడ బండ్లు ఎలాగూ పాకుతూనే వస్తాయి, కింద సిమెంటే ఉంటుంది. ఆ వాడకానికి అయిదుకు నాలుగు నక్షత్రాలు, వీధికైతే ఒకటి. తారు మీది వరుసను మేం పీకించేశాం, దాని స్థానంలో 3.7 మీటర్ల వంపు పోయించమని నగరపాలక సంస్థకు అర్జీ పెట్టాం. పీకిన ముక్కలు సంఘం గదిలో మూలన పడి ఉన్నాయి. గేటు కోసం కావాలన్నవారు వచ్చి పట్టుకెళ్లవచ్చు, బోల్టులు మాత్రం కొత్తవి కొనుక్కోవాలి.