సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం: తొమ్మిదేళ్లుగా వెళ్తున్నదాన్ని చెప్తున్నాను

హైదరాబాద్‌లోని ఈ పాత తెలుగు గ్రంథాలయానికి పీహెచ్‌డీ పని మీద నాలుగు రోజులు వెళ్లొద్దాంలే అనుకున్నదాన్ని, తొమ్మిదేళ్లయినా వెళ్తూనే ఉన్నాను. థీసిస్ ఎప్పుడో అయిపోయింది, సభ్యత్వం మాత్రం వదల్లేదు.

ముందు దారి సంగతి. కారు తీసుకెళ్లకండి, ఆ బట్టల కొట్ల మధ్య పార్కింగ్ దొరకదు. సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ వచ్చాక నాకా టెన్షన్ పోయింది, దిగి నడిచిపోతాను. దసరా ముందు బజారు గోల లోపలికీ వినిపిస్తుంది, నిశ్శబ్దం కావాలంటే ఆ రోజులు మానుకోండి.

1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటివాళ్లు కలిసి, రావిచెట్టు వారింట్లోనే దీన్ని మొదలుపెట్టారు. నిజాం సర్కారు పనంతా ఉర్దూలో నడిచే రోజులవి. దీనికి భాషా నిలయం అని పేరెందుకు పెట్టారో నాకు అక్కడ కూర్చున్నాకే తెలిసింది. ఇది పుట్టిన ఇరవై ఏళ్లకు, 1921లో, ఈ చుట్టుపక్కలే వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సభలో ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి మాట్లాడనివ్వలేదు, ఆ అవమానంలోంచే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది. అలాంటి ఊళ్లో చందాలు పోగేసి తెలుగు పుస్తకాలకు ఇల్లు కట్టుకున్నారంటే, తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

పాత పత్రికల సంచికలు చూడాలంటే సంవత్సరం, రచయిత పేరు ముందే రాసుకుని వెళ్లండి, పని తొందరగా అవుతుంది. కాగితం అప్పడంలా విరుగుతుంది. మొదటిరోజు నేను అలవాటుగా వేలు నాలుకకు అద్దుకోబోతే పక్క బల్ల దగ్గరి పెద్దాయన "ఉమ్మి అంటించొద్దమ్మా, పై మూల పట్టుకుని మెల్లగా లేపు" అన్నారు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు నేనే చెప్తుంటాను.

ఒక్క చూపు చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని రావడానికైతే ఇక్కడ పెద్దగా ఏమీ కనపడదు. సభ్యత్వం తీసుకుని నెలకు రెండుసార్లయినా వెళ్తేనే ఈ చోటు మీదవుతుంది.

నాకు బాగా మనసు కష్టమైంది ఒక్కసారే. పాత పత్రికల బైండులో నాక్కావలసిన వ్యాసం రెండో ఆకు దగ్గర లేదు, ఎప్పుడో ఏ పాఠకుడో బ్లేడుతో కోసుకుపోయాడు, అంచు ఎంత తిన్నగా ఉందంటే స్కేలు పెట్టే కోసుంటాడు. ఆర్నెల్ల తర్వాత అదే సంచిక వేరే ఊళ్లో దొరికింది. ఆ రెండు పేజీలూ చేత్తో రాసుకొచ్చి నిలయంలో ఇస్తే, అక్కడి ఆయన ఒకసారి చదివి, తేదీ వేసి, కోసిన చోటే మధ్యలో పెట్టారు. మొన్న శనివారం తీసి చూశాను, అక్కడే ఉన్నాయి.