కొత్తింటి వంటగదికి చిమ్నీనా, ఎగ్జాస్ట్ ఫ్యానా?

సంక్రాంతికి కొత్తింట్లో అరిసెలు, జంతికలు వండాలనుకునేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఇదే, ఎందుకంటే గోడకి కన్నం టైల్స్, కప్‌బోర్డులు పడకముందే కొట్టించాలి, తర్వాతైతే మళ్ళీ దుమ్ము, మళ్ళీ ఖర్చు.

ఖర్చు: ఫ్యాన్ 2-3 వేలల్లో అయిపోద్ది. మంచి చిమ్నీ 10-15 వేల పైమాటే, పైపు, ఫిట్టింగ్ వేరే.

పొగ: ఫ్యాన్ గదంతా తిరిగిన పొగని లాగుతుంది, ఈలోపు నూనె జిడ్డు కప్‌బోర్డుల మీద పేరుకుంటుంది. చిమ్నీ మూకుడు మీదే పట్టేస్తుంది, కాకపోతే స్టవ్‌కి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులోనే బిగించాలి, 6 అంగుళాల పైపు ఎక్కువ వంపుల్లేకుండా బయటికి పోవాలి. పైపు లేకుండా చార్‌కోల్ ఫిల్టర్‌తో వచ్చేవి మాత్రం మన పిండివంటలకి వద్దే వద్దు, వేడి, ఆవిరి మళ్ళీ ఇంట్లోకే కొడతాయి.

క్లీనింగ్: ఫ్యాన్ రెక్కలు స్టూలెక్కి తుడవాలి. చిమ్నీకి జాలీ ఫిల్టర్ త్వరగా పూడిపోతుంది, వంపు తిరిగిన స్టీలు రేకులుండే బాఫిల్ ఫిల్టర్ తీసుకోండి, వేణ్ణీళ్ళలో నానబెట్టి కడిగేయొచ్చు. ఆటోక్లీన్ (లోపలి జిడ్డుని అదే కరిగించి ట్రేలోకి దించేది) అన్నా సరే నూనె ట్రే మనమే తీసి పారబోయాలి.

హాల్లోకి తెరిచున్న ఓపెన్ కిచెనైతే చిమ్నీయే పెట్టించుకోండి. విడిగా వంటగది, పెద్ద కిటికీ ఉండి, పండగ వంటలు పెరట్లో కట్టెల పొయ్యి మీద చేసే ఇల్లయితే ఫ్యాన్ చాలు, అద్దెకిచ్చే ఇంటికైనా అంతే.