సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? ముందు స్టిక్కర్ పీకి చూడండి

ఇప్పుడే షూటింగ్ రేంజ్ నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. అటూ ఇటూ రాస్తే సర్దుకుని చదవండి.

మా పాప పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఎడమచేతి వాటం. క్లబ్బులో ఉన్నవన్నీ కుడిచేతివే. కొత్త జర్మన్ పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపుకుని కాల్చే రైఫిల్) కొనే తాహతు నాకు లేదు. ఇంకెక్కడికి వెళ్తాం, సెకండ్ హ్యాండ్ రైఫిళ్ళు అమ్మే, మనందరం వెళ్ళే ఆ అన్న దగ్గరికే. పేరు రాయను, రేంజ్‌కి వెళ్ళేవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. గుండు సైజు .177 అంగుళాలు, ఒక్కో గుండే పెట్టి కాల్చే సింగిల్ షాట్, శక్తి 20 జౌల్స్ లోపే కాబట్టి లైసెన్సు గొడవ లేదు. రైఫిల్ 1,15,000. ఎడమచేతి గ్రిప్పు, చెంపకి సరిపడా చీక్ పీస్, భుజానికి ఆనే బట్ ప్లేట్ సర్దడం, వీటికి ఇంకో 22,000. నెలన్నర తిప్పించుకుని ఇచ్చాడు.

ఇచ్చేటప్పుడు సిలిండర్ చుట్టూ బంగారు రంగులో పాప పేరు స్టిక్కర్. "ఇది నా తరఫున గిఫ్ట్ సార్, చాంపియన్ కావాలి పాప" అన్నాడు. నేను కరిగిపోయాను. మర్నాడు వెళ్ళి కిలో కాజూ బర్ఫీ ఇచ్చొచ్చాను. నవ్వండి, ఫర్వాలేదు.

ఇవాళ కోచ్ గారు గాలి నింపబోతూ సిలిండర్ తిప్పి చూశారు. "తేదీ ఏదండీ?" అన్నారు. నాకేం తెలుసు? ఆయనే గోరుతో స్టిక్కర్ లాగారు. పాప పేరులో చివరి అక్షరం కింద నుంచి బయటికొచ్చింది: 2013.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఈ సిలిండర్లకి తయారైన నాటి నుంచి సాధారణంగా పదేళ్ళే ఆయుష్షు. గడువు చూసుకోవాల్సింది షూటరే అని ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్. లోపల 200 బార్ గాలి, అంటే మన కారు టైరులో ఉండేదానికి సుమారు 90 రెట్లు. ఆ గొట్టం పక్కనే నా కూతురి చెయ్యి, ఆ వెనకే మొహం. మూడు వారాలు దానితోనే ప్రాక్టీస్ చేసింది.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను, ఒట్టు. ఆయన జవాబు అక్షరాలా ఇది: "కాగితం మీద కొట్టడానికి డేట్ ఎందుకు సార్, అదేమన్నా పాల ప్యాకెట్టా?" వెనకాల పనిచేసే కుర్రాడు పకపకా నవ్వడం వినిపించింది. మరి తేదీ మీదే స్టిక్కర్ ఎందుకు అంటించావంటే, "అక్కడే ప్లేస్ ఉంది" అని పెట్టేశాడు. తర్వాత ఆరుసార్లు చేశాను, ఎత్తలేదు.

డబ్బు కంటే ఆ పాల ప్యాకెట్టే గుచ్చుకుంటోంది. ఎందుకంటే నాది మెడికల్ షాపు. ఇరవై ఏళ్ళుగా ప్రతి స్ట్రిప్పూ తిప్పి ఎక్స్‌పైరీ చూశాకే చేతికిచ్చే మనిషిని. దగ్గు మందుకి చూసిన తేదీ కన్నబిడ్డ రైఫిల్‌కి చూడలేదు.

గ్రిప్పు సంగతి కూడా వినండి. ఎడమచేతి గ్రిప్పు కాదది. కుడిచేతిదాన్నే చెక్కి, మిగతా చోట పుట్టీ మెత్తి, పైన రంగు కొట్టాడు. చెమటకి పెచ్చులు లేచాయి. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరుండే ఆటలో గ్రిప్పు కదిలితే ఏం కొడుతుంది పాప? మొన్నటిదాకా స్కోరు పడిపోతోందని దాన్నే కేకలేశాను.

పాప పోటీకి ఇంకా పన్నెండు రోజులుంది. మళ్ళీ క్లబ్బు రైఫిలే గతి.

కొనేవాళ్ళు సిలిండర్ విప్పించి దాని మీద కొట్టిన నెల, సంవత్సరం కళ్ళారా చూసుకోండి. స్టిక్కరుంటే అక్కడే పీకండి. గ్రిప్పు మీద గోరుతో గీకి చూడండి. సీరియల్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి. ఈ మొత్తం వ్యవహారంలో నా దగ్గరున్న బిల్లు స్వీట్ షాపుది ఒక్కటే.