హైదరాబాద్‌లో ప్రీపెయిడ్ సిమ్: రోజుకి ఎంత పడుతోంది, ఎక్కడెక్కడ కోత పడుతోంది

ప్రీపెయిడ్ ప్లాన్ ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది డేటా. మనం చూడాల్సింది దాని పక్కన చిన్నగా ఉండే రోజుల సంఖ్య. రీచార్జ్ ధరను ఆ రోజులతో భాగిస్తే రోజుకి ఎంత పడుతుందో తెలుస్తుంది. అమీర్‌పేట హాస్టల్లో ఉండే కుర్రాడికైనా, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో నాలుగు సిమ్ముల ఇంటికైనా ప్లాన్లను పోల్చుకోవడానికి పనికొచ్చే లెక్క ఇదే.

28 రోజుల ప్యాక్‌ని అందరూ నెల ప్యాక్ అనే అంటారు. పన్నెండు సార్లు వేస్తే 336 రోజులే వస్తాయి, ఏడాది నిండాలంటే పదమూడోది తప్పదు. 2024 జూలై పెంపులో జియో రోజుకి 1.5 జీబీ ప్లాన్ 239 నుంచి 299కి చేరింది. పదమూడు సార్లకు 3,887 రూపాయలు, అంటే రోజుకి 10.68. అదే డేటా 84 రోజులకు 799కి తీసుకుంటే రోజుకి 9.51 పడుతుంది, ఏడాదికి సుమారు 425 రూపాయల తేడా. ఎయిర్‌టెల్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ. అదే 1.5 జీబీకి 28 రోజుల 349 ప్యాక్ రోజుకి 12.46, 84 రోజుల 859 ప్యాక్ 10.23. ఏడాది తిరిగేసరికి తేడా ఎనిమిది వందలు దాటుతుంది. 84 రోజుల ప్యాక్‌కి ఒకేసారి ఎనిమిది వందలు తీయలేనివాళ్లే ఎక్కువ కట్టాల్సి రావడం ఈ ధరల్లో నాకు నచ్చని మొదటి విషయం. ఇవన్నీ ఆ పెంపు నాటి రేట్లు. మీరు వేసే రోజు యాప్‌లో ఉన్న ధరతో ఇదే భాగహారం మళ్లీ వేసుకోండి.

28 రోజుల గోల మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఒక నిబంధన తెచ్చింది. ప్రతి కంపెనీ ఒక్కో రకం ప్యాక్‌లో కనీసం ఒకటి 30 రోజులకు, ఇంకొకటి ప్రతి నెలా అదే తేదీన రీచార్జ్ చేసుకునేలా ఇవ్వాలి. అవి ఉన్నాయి. కానీ ప్లాన్ల పేజీలో పైన పెట్టరు, కిందికి జరుపుకుంటూ వెతకాలి. షాపులో అడిగితే "అన్నా, 299 వేస్తున్నా" అనడమే అలవాటు. "క్యాలెండర్ మంత్ ప్లాన్ ఉందా" అని పేరు పెట్టి అడగాలి. నెల జీతం మీద నడిచే ఇంటికి ఒకే తేదీ గుర్తుండటం చిన్న సుఖమేమీ కాదు.

ఇక రెండో సిమ్, ఊళ్లో అమ్మానాన్నల కీప్యాడ్ ఫోన్. నగరంలో ఉన్నవాళ్లు డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. నెట్ వాడని నంబర్‌కి కూడా ఏళ్ల తరబడి డేటా కలిపిన ప్యాకే వేయాల్సి వచ్చేది. 2024 డిసెంబర్ 23న ట్రాయ్ నిబంధనలు సవరించి, కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరి చేసింది. ఇలాంటి ప్రత్యేక ప్యాక్‌ల (స్పెషల్ వోచర్ల) గడువు పరిమితిని కూడా 90 రోజుల నుంచి 365కి పెంచింది. ఆ తర్వాతి నెలలో వచ్చిన ధరలు చూడండి. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1,849. జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748. రోజుకి సుమారు అయిదు నుంచి అయిదు రూపాయల అరవై పైసల లోపు. ఈ 336ని ఏడాది ప్యాక్ అనుకుని వేసుకుంటే మాత్రం 29 రోజులు ముందే ఫోన్ మూగబోతుంది.

ఇలాంటి ప్యాక్ ఉన్న సిమ్‌లో మొబైల్ డేటా స్విచ్ ఆఫ్ చేసి ఉంచాలి. అసలు బ్యాలెన్స్ (టాపప్‌తో వేసే డబ్బు) కొంత ఉంటే అది ఇంకా ముఖ్యం. డేటా లేని ప్లాన్‌లో, లేదా డేటా అయిపోయిన ప్లాన్‌లో ఎంబీకి 50 పైసల బేస్ టారిఫ్ వర్తిస్తే, వెనకాల ఒక యాప్ అప్‌డేట్ 40 ఎంబీ లాగినా 20 రూపాయలు పోయినట్టే. డబుల్ సిమ్ ఫోన్లలో "డేటా స్విచింగ్" అనే సెట్టింగ్ ఒకటుంటుంది. మొదటి సిమ్‌కి సిగ్నల్ తగ్గితే రెండో సిమ్ డేటాకి తనంతట తానే మారుతుంది. దాన్ని కూడా ఆపేయండి.

ఆ 20 రూపాయల సంగతి ఎందుకంటే, సిమ్ బతికుండటానికి ఆఖరి ఆసరా అదే. ప్లాన్ గడువు ముగిసిన వెంటనే ఔట్‌గోయింగ్ ఆగుతుంది. ఇన్‌కమింగ్ కొద్ది రోజుల తర్వాత ఆగుతుంది, ఎన్ని రోజులన్నది కంపెనీని బట్టి మారుతుంది. వరసగా 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబర్ కట్ చేయొచ్చు. ఆ సమయానికి అసలు బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే, అవి తీసుకుని ఇంకో 30 రోజులు నంబర్‌ని ఉంచాలన్నది ట్రాయ్ నియమం. కట్ అయ్యాక కూడా 15 రోజుల గ్రేస్ గడువు ఉంటుంది. అయితే ఇది నంబర్ చేజారకుండా కాపాడటానికే, సర్వీసు నడపడానికి కాదు. ఇన్‌కమింగ్ ఆగిన నంబర్‌కి బ్యాంక్ ఓటీపీ రాదు. ఆధార్‌కీ, గ్యాస్ బుకింగ్‌కీ, ఖాతాకీ ఇచ్చిన నంబర్ ఇలా వదిలేస్తే కొంతకాలానికి అదే నంబర్ ఇంకొకరికి వెళ్తుంది. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడి సిమ్ ఇంట్లో బీరువాలో పెట్టి ఉంచిన కుటుంబాలు పాతబస్తీలో చాలానే ఉంటాయి. వాళ్లకి ఏడాది కాల్స్ ప్యాకే సరైనది.

టాపప్‌లో కోత కూడా ఒకసారి విప్పి చూద్దాం. 10 రూపాయలు వేస్తే 7.47 వస్తుంది. 18 శాతం జీఎస్టీ తీసేస్తే మిగిలేది 8.47, అందులో ప్రాసెసింగ్ ఫీజు ఒక రూపాయి. 100 వేస్తే 84.75 లోంచి 3 పోయి 81.75 చేతికొస్తుంది. ఫీజు వోచర్ ధరలో 10 శాతం లేదా 3 రూపాయలు, ఏది తక్కువైతే అది. కాబట్టి పదేసి రూపాయలు పది సార్లు వేయడం కంటే వంద ఒకేసారి వేస్తే ఏడు రూపాయలు మిగులుతాయి. ప్యాక్‌లలో జీఎస్టీ ధరలోనే కలిసి ఉంటుంది, 299లో పన్ను 45.61. పోస్ట్‌పెయిడ్ ధర మాత్రం పన్ను కలపకుండా చెబుతారు. రెంటినీ పోల్చేటప్పుడు పోస్ట్‌పెయిడ్ అంకెని 1.18తో గుణించాలి. పేమెంట్ యాప్‌లో రీచార్జ్ చేస్తే ప్లాట్‌ఫాం ఫీజు అని రూపాయో మూడు రూపాయలో అదనం. కంపెనీ సొంత యాప్‌లో వేస్తే చాలాసార్లు అది తప్పుతుంది.

5జీ విషయం హైదరాబాద్‌లో ఇంకోరకంగా ఉంటుంది. అన్‌లిమిటెడ్ 5జీని జియో 2024 పెంపు నుంచి రోజుకి 2 జీబీ, ఆపై ప్లాన్లకే ఇస్తోంది. సరే, ఎక్కువ పెట్టి తీసుకున్నాం అనుకుందాం. ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే అది అన్‌లిమిటెడ్. సెల్లార్ పార్కింగ్‌లో, లిఫ్ట్‌లో, వరస ఫ్లాట్ల మధ్య ఇరుక్కున్న బెడ్రూంలో ఫోన్ 4జీకి జారుతుంది, అక్కణ్నుంచి రోజు కోటా తగ్గడం మొదలవుతుంది. "అన్‌లిమిటెడ్ వేశా, డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక కథ ఇదే. కోటా అయ్యాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, ఫొటో తిరుగుతూనే ఉంటుంది, యూపీఐ ఒక్కోసారి మధ్యలో ఆగుతుంది.

అందుకే సిమ్ మార్చే ముందు సిగ్నల్ కొలవండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ స్ట్రెంగ్త్ డీబీఎం అంకెల్లో ఉంటుంది. మైనస్ 85 దగ్గరుంటే బాగుంది, మైనస్ 110 కంటే కిందికి పోతే ఆ గదిలో కాల్ తెగే అవకాశం ఎక్కువ. పడుకునే గది, వంటిల్లు, ఆఫీసు సీటు, ఈ మూడు చోట్లా చూస్తే చాలు. పక్కింటివాళ్ల ఫోన్ అడిగి చూడొచ్చు, సిమ్ కొనక్కర్లేదు. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయండి, అదనపు ఖర్చు లేదు, సగం సిగ్నల్ బాధ అక్కడే తీరుతుంది. ఇల్లూ ఆఫీసూ రెండూ వైఫై అయితే రోజుకి 1.5 జీబీ కొనడం దండగ. ఆ నెల మొత్తానికి 2 జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ (ఆ పెంపు తర్వాత ఎయిర్‌టెల్‌లో 199) సరిపోతుంది.

బీఎస్ఎన్ఎల్ ధర ఇప్పటికీ తక్కువే. దాని స్వదేశీ 4జీని 2025 సెప్టెంబర్ 27న ప్రారంభించారు. అక్కడ పెంపు ఇంకో రూపంలో వస్తుంది: ధర కదలదు, రోజులు తగ్గుతాయి. రెండో సిమ్‌గా సరే, ఒకే సిమ్ అయితే పైన చెప్పిన డీబీఎం పరీక్ష చేశాకే.

కంపెనీ మారాలంటే పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, పదంకెల నంబర్ 1900కి పంపాలి. ప్లాన్ గడువు అయిపోయినా ఈ మెసేజ్ వెళ్లనివ్వాలని 2021 డిసెంబర్‌లో ట్రాయ్ ఆదేశించింది. వచ్చే ఎనిమిదక్షరాల కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. రాష్ట్రాలు రెండైనా టెలికాంలో తెలంగాణ, ఆంధ్ర ఇంకా ఒకే సర్కిల్. కాబట్టి విజయవాడలో తీసుకున్న సిమ్‌ని హైదరాబాద్‌లో మార్చినా అయిదు కాదు, మూడు పనిదినాలే. మిగిలిన రోజులూ, బ్యాలెన్సూ పోతాయి, అందుకే గడువుకి నాలుగైదు రోజుల ముందు పెట్టడం మేలు. పోయిన సిమ్‌కి బదులు కొత్తది తీసుకున్నా, ఈసిమ్‌కి మారినా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, ఏడు రోజులు పోర్ట్ కుదరదు. ఆ రోజు ఇంటి అద్దె, ఈఎంఐ చెల్లింపులు పెట్టుకోకండి.

అడక్కుండా కాలర్ ట్యూనో మరొకటో మొదలై బ్యాలెన్స్ కరిగితే 155223కి స్టాప్ అని పంపితే ఆగుతుంది. ఎక్కడ పోయిందో తెలియకపోతే గత ఆరు నెలల్లోపు వాడకం వివరాలు అడగొచ్చు, దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. ప్రీపెయిడ్‌కి బిల్లుండదని షాపువాళ్లు చెప్పే మాట నిజం కాదు. తర్వాత 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ రాసుకోండి. తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలేట్ అథారిటీకి 30 రోజుల్లో వెళ్లాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు, అక్కడికి మెయిల్ పెట్టి ఎదురుచూస్తే ఆ 30 రోజులూ గడిచిపోతాయి.