అమ్మానాన్నల కోసం వీడియో గేమ్ కొంటున్నారా? ‘పదివేల ఆటల’ గేమ్ స్టిక్‌తో జాగ్రత్త

తెనాలిలో ఉంటున్న మా అమ్మానాన్నలకు కాలక్షేపంగా ఉంటుందని సంక్రాంతికి ముందు నేను ఒక గేమ్ స్టిక్ కొన్నాను. ఇది టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రంలో గుచ్చే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం. రెండు వైర్‌లెస్ కంట్రోలర్లు, ఒక మెమరీ కార్డు దీనితో పాటే వస్తాయి. ఫోనులో పదేపదే కనిపించిన ప్రకటనలో తలనెరిసిన దంపతులు సోఫాలో కూర్చుని నవ్వుతూ క్రికెట్ ఆడుతున్నారు. కింద ‘4కె నాణ్యత, 10,000కు పైగా ఆటలు, రూ. 2,499 మాత్రమే, డబ్బు పార్శిల్ అందాకే’ అని ఉంది. నేను హైదరాబాదులో కూర్చుని, ఆ పెట్టెను ఒక్కసారైనా నా చేతులతో విప్పి చూడకుండా, నేరుగా తెనాలి చిరునామాకే పంపించాను. నేను చేసిన మొదటి తప్పు, అన్నిటికన్నా పెద్ద తప్పు అదే. ఇలాంటి ఆలోచనే ఉన్నవారు మరొకరు ఇందులో పడకూడదని జరిగినదంతా రాస్తున్నాను.

పండుగకు నేను ఇంటికి వెళ్లిన రోజు సాయంత్రమే దాన్ని బిగించాము. మా నాన్నగారికి 71 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. కంట్రోలరు చేతికివ్వగానే ఆయన మొదట దాన్ని వెలుతురుకు పట్టుకుని బొత్తాల మీద ఏం రాసి ఉందో చదవబోయారు. నల్లటి బొత్తాల మీద ముదురు బూడిద రంగు అక్షరాలు! కళ్లజోడు మార్చి చూసినా కనబడలేదు. టీవీ తెర మీద ఆటల జాబితా కొంత ఇంగ్లీషులో, కొంత చైనీసు లిపిలో వచ్చింది. ప్రకటనలో చూపిన క్రికెట్ ఆట జాబితాలో ఎంత వెతికినా దొరకలేదు. చివరకు బంతిని పలకతో కొట్టి ఇటుకలు పగలగొట్టే ఆట ఒకటి పెట్టాను. నాన్నగారు బొత్తం నొక్కిన తరువాత ఒక క్షణం ఆగి గాని పలక కదలడం లేదు. బంతి కిందికి జారిపోయాక పలక అక్కడికి చేరుతోంది. ఆయన నాలుగైదు సార్లు ప్రయత్నించి, కంట్రోలరును జాగ్రత్తగా టీపాయి మీద పెట్టి, “నా చెయ్యి మందగించిందిరా, ఇది మీ ఈడు వాళ్లది” అన్నారు. నేను కూడా వయసు వల్లనే అనుకుని ఊరుకున్నాను. అప్పుడే ఆ కంట్రోలరు తీసుకుని నేనొక ఆట ఆడి చూసి ఉంటే నా పలక కూడా అంతే ఆలస్యంగా కదిలేదని తెలిసేది.

ఆ ఆలస్యం ఎందుకు వస్తుందో తరువాత అర్థమయింది. వైర్‌లెస్ కంట్రోలరు పంపే సంకేతం స్టిక్‌లోని చవకబారు చిప్‌కు చేరాలి. ఆ చిప్ పాతకాలపు గేమ్ యంత్రాన్ని అనుకరిస్తూ ఆటను నడపాలి. అది పంపిన బొమ్మను టీవీ తన పద్ధతిలో మెరుగులు దిద్ది చూపాలి. మూడు చోట్లా తలా కొంత ఆలస్యమవుతుంది. టీవీ సెట్టింగ్స్‌లో ‘గేమ్ మోడ్’ ఉంటే పెట్టడం వల్ల మూడవది తగ్గుతుంది గాని, మొదటి రెండింటికీ మందు లేదు. ఇక 4కె సంగతి. ఇందులో చాలా ఆటలు 1980లలో జపాన్ వీడియో గేమ్ కంపెనీ నింటెండో పాత యంత్రం కోసం చేసినవి. ఆ యంత్రం గీసే బొమ్మ 256 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు మాత్రమే. దాన్ని 3840 చుక్కల వెడల్పుకు సాగదీసి 4కె అంటే, మసక ఫొటోను గోడంత పెద్దదిగా అచ్చువేసి స్పష్టంగా ఉందని అమ్మినట్లే. పైగా, ఇవి అసలు హక్కుదారుల అనుమతి లేకుండా ఎక్కించిన నకళ్లు.

నేను హైదరాబాదుకు తిరిగి వచ్చేశాక జరిగినది ఇంకా అన్యాయం. అబ్బాయి డబ్బు పెట్టి కొన్నాడు గనుక నేర్చుకుని తీరాలని నాన్నగారు మధ్యాహ్నం పూట ఒంటరిగా సాధన మొదలుపెట్టారు. తన చేతికి తగిన ఆట ఏదో తేల్చుకోవడానికి, పాత డైరీ ఒకటి తీసి, జాబితాలో మొదటి నుంచి ఒక్కొక్క ఆటనూ తెరిచి వరుస సంఖ్యతో రాసుకున్నారు. రెండు వందలు పూర్తయ్యేసరికి వేరువేరు ఆటలు 61 మాత్రమే తేలాయి. మిగిలినవన్నీ అవే ఆటలు, పేరు మారి, ఒక్కోసారి బొమ్మ చొక్కా రంగు మారి, కొన్నిసార్లు మూడవ మెట్టు నుంచి మొదలై మళ్లీ మళ్లీ వచ్చినవి. లెక్కల మాస్టారు గదా, డైరీ పేజీ చివర ‘నేను పొరబడి ఉండవచ్చు, మరల లెక్కించవలెను’ అని రాసుకున్నారు. ముప్పై ఏళ్లు పిల్లల లెక్కలు దిద్దిన మనిషి, పెట్టె మీది అంకె తప్పని గాక తన లెక్క తప్పని అనుకున్నారు.

ఈ మోసం కొత్తది కాదు. 1990లలో మా వీధిలో ఒకరి ఇంట్లో టీవీ గేమ్‌ను గంటకు ఇంతని అద్దెకిచ్చేవారు. ఆ క్యాట్రిడ్జ్ మీద ‘9999999 ఆటలు’ అని రాసి ఉండేది, లోపల పట్టుమని పది కూడా ఉండేవి కావు. పిల్లలుగా మాకు అది తెలుసు, నవ్వుకుని ఆడుకునేవాళ్లం. ముప్పై ఏళ్ల తరువాత అదే గారడీకి నేనే 2,499 రూపాయలు చెల్లించాను.

నాలుగవ రోజున తెర నల్లబడిపోయింది. స్టిక్ ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉందని అమ్మ తరువాత చెప్పింది. తన చేతిలోనే పాడయిందని సిగ్గుపడి నాన్నగారు నాకు ఫోను చేయలేదు. పెట్టె మీద సహాయ కేంద్రం నంబరు లేకపోవడంతో ఫోనులో వెతికి, పైన కనిపించిన ఒక నంబరుకు ఫోను చేశారు. అవతలి వ్యక్తి చాలా మర్యాదగా, అచ్చ తెలుగులో, “పెద్దవారు, మీరేం కంగారుపడకండి, డబ్బు వాపసు ఇప్పిస్తాను” అని చెప్పి, మొదట ఫోను తెరను దూరం నుంచి చూడగలిగే యాప్ ఒకటి వేయించాడు. ఆ తరువాత వాపసు జమ కావాలంటే యూపీఐ పిన్ నొక్కాలన్నాడు. ఆ మాట వంటింట్లోంచి విన్న అమ్మ బయటికి వచ్చి, “డబ్బులు ఇచ్చేవాడికి మన పిన్ను ఎందుకండీ?” అని ఫోను లాక్కుని కట్టేసింది. అమ్మ ఎనిమిదో తరగతి వరకే చదివింది. పాల లెక్కా చిట్టీ లెక్కా నోటితోనే చూస్తుంది. ఆ రోజు మా ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న అడగగలిగినది ఆవిడే.

దయచేసి మీ ఇంట్లో పెద్దవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి: డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పంపడానికి కావాలి. సహాయ కేంద్రం నంబరును వెతుకులాటలో దొరికిన చోటు నుంచి తీసుకోకూడదు. కొన్న యాప్ లోపల గాని, బిల్లు మీద గాని ఉన్నదే నమ్మాలి. ఒకవేళ డబ్బు పోతే గంటలు గడవనివ్వకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మాకు డబ్బు పోలేదు గాని, ఆ యాప్ తీయించి, బ్యాంకు యాప్ పాస్‌వర్డు, పిన్ మార్పించాను.

ఇక ఆ పెట్టె విషయంలో నేను కొనక ముందే చూడవలసినవి. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, వినియోగదారు ఫిర్యాదుల నంబరు, విదేశీ సరుకైతే ఏ దేశానిదో ఉండి తీరాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. మాకు వచ్చిన పెట్టె మీద వీటిలో ఒక్కటి కూడా లేదు. అంతేగాక, టీవీకి తగిలించే వీడియో గేములు తప్పనిసరిగా భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వద్ద నమోదు కావాలన్న ఆదేశం 2012 నుంచీ ఉంది. నమోదైన వస్తువు మీద ఆర్ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలున్న నంబరు ముద్రించి ఉంటుంది. ఆ నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూస్తే అది ఎవరిదో, ఏ వస్తువుకు ఇచ్చినదో తెలిసిపోతుంది. గంటల తరబడి టీవీకి అంటుకుని వేడెక్కే పరికరాన్ని, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లే ఉన్నచోట పెడుతున్నప్పుడు, ఇది కాగితాల లాంఛనం అనుకోవద్దు.

అమ్మినవారి వెబ్‌సైటును మళ్లీ తెరిచి చూస్తే ఊరూ పేరూ లేదు. ఆన్‌లైన్ అమ్మకాలపై 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం సైటులో సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు ఉండాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెల లోపల పరిష్కరించాలి. వీరి సైటులో ఉన్నది ఒక వాట్సాప్ నంబరు మాత్రమే. నేను ఫొటోలు పంపితే ‘పెట్టె విప్పుతున్న వీడియో ఉందా’ అని అడిగారు, లేదన్నాను, ఆ తరువాత నా నంబరును బ్లాక్ చేశారు. డబ్బు పార్శిల్ అందాకే ఇస్తున్నాము గనుక భద్రమేనని నేననుకున్నాను గాని, పెట్టె విప్పడానికి ముందే డెలివరీ కుర్రాడికి డబ్బు చెల్లించాలి. ఇందులో కొన్నవాడికి దక్కే భద్రత ఏమీ లేదు.

పెద్దవారికి అసలు వీడియో గేములే వద్దని నేను అనడం లేదు. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ తాను వాడిన నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం తెచ్చి, రెండు వారాలు అమ్మావాళ్ల దగ్గర ఉంచాడు. అందులో చేతిలో పట్టుకున్న కంట్రోలరును బంతి విసిరినట్లు ఊపితే తెర మీద బంతి దొర్లే బౌలింగ్ ఆట ఉంది. చిన్నప్పుడు వామనగుంటల్లో చింతగింజలు గుప్పిటతో తీసి ఒక్కొక్కటిగా పంచిన అమ్మ చేతికి ఆ విసురు రెండో ప్రయత్నానికే పట్టుబడింది. మూడో రోజుకు నాన్నగారు కూడా ఆవిడతో పోటీకి దిగారు. ఆయన చెయ్యి ఏమీ మందగించలేదని అందరికీ, ముఖ్యంగా ఆయనకు, తెలిసింది. మణికట్టు పట్టీ మాత్రం తప్పక వేయించండి. ఒకసారి కంట్రోలరు జారి షోకేసు అద్దానికి బెత్తెడు దూరంలో పడింది.

అయితే అది చూసి నేను స్విచ్ కొనబోయినప్పుడు తెలిసిన ఇంకొక సంగతి చెప్పాలి. నింటెండో మన దేశంలో స్విచ్‌ను అధికారికంగా అమ్మడం లేదు. ఇక్కడ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కనిపించేవి ఎవరో తెప్పించి అమ్మేవి. ‘ఏడాది వారంటీ’ అంటే ఆ దుకాణదారుడు నోటిమాటగా ఇచ్చే హామీయే గాని కంపెనీది కాదు. ఇరవై ఐదు వేలు, ముప్పై వేలు పెట్టే ముందు ఆ హామీని బిల్లు మీద రాయించుకోండి. ఈ యంత్రాల కంట్రోలర్లలో చేత్తో తోయకపోయినా తెర మీది గుర్తు దానంతట అదే పక్కకు జరిగే లోపం బాగా తెలిసినదే. పాతది కొంటే కంట్రోలర్ల సెట్టింగ్ తెరిచి, మీ ఎదుటే పరీక్షించాలి. ఏది కొన్నా మీ ఇంట్లో, మీ టీవీకి తగిలించి, మీరు రెండు రోజులు ఆడి చూసిన తరువాతనే పెద్దవారి చేతికివ్వండి. యంత్రం లోపం మనకు యంత్రం లోపంగానే కనిపిస్తుంది. అలవాటు లేనివారికి అది తమ చేతకానితనంగా కనిపిస్తుంది.

నేను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అమ్మినవారి చిరునామా లేకపోవడంతో, పార్శిల్ లేబుల్ మీద ఉన్న కొరియర్ ట్రాకింగ్ నంబరు ద్వారా పంపినవారిని పట్టుకోవలసి వస్తోంది. కాబట్టి ఆ లేబుల్‌ను చించి పారేయవద్దు. అక్కడ తేలకపోతే ‘ఈ-జాగృతి’ పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు, అమ్మినవాడు ఎక్కడున్నా మనం నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. 2,499 రూపాయల కోసం ఇంత అవసరమా అని ఆఫీసులో ఒకరిద్దరు అడిగారు. మా నాన్నగారు మాత్రం వేయమన్నారు. చల్లబడ్డాక మరల వెలిగిన ఆ స్టిక్ ముందు ఆయన ఇంకొకసారి కూర్చుని, మొదటి రెండు వందల ఆటలను తిరిగి లెక్కపెట్టారు. ఈసారి కూడా 61 అనే తేలింది. ‘నేను పొరబడి ఉండవచ్చు’ అన్న వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, కింద సంతకం, తేదీ వేసి ఇచ్చిన ఆ రెండు డైరీ పేజీలను కూడా ఫిర్యాదుకు జతచేశాను.