ఫాలింగ్‌వాటర్, రోబీ హౌస్, ఫార్న్స్‌వర్త్: ఒక్కరోజే ఉంటే ఏది మేలు?

అమెరికాలో ఇళ్ల కట్టడం మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ మూడు పేర్లు తగులుతాయి. పెన్సిల్వేనియా అడవిలో ఫాలింగ్‌వాటర్, షికాగో ఊళ్లోనే రోబీ హౌస్, షికాగోకి దాదాపు 60 మైళ్ల దూరంలో ప్లేనో దగ్గర ఫార్న్స్‌వర్త్ హౌస్. మొదటి రెండూ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టినవి, మూడోది ఇంకో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహ్‌ది. మూడింటినీ టికెట్ కొనుక్కుని చూడొచ్చు. మూడింటి ఫోటోలూ కావలసినన్ని దొరుకుతాయి. అందుకే నేను చూసే లెక్క ఒక్కటే: అంత దూరం వెళ్తే, ఫోటోలో లేనిది ఏ ఇంట్లో ఎక్కువ దొరుకుతుంది?

ఫాలింగ్‌వాటర్‌తో ఒక తమాషా ఉంది. జలపాతం మీద అరల్లా పేర్చిన టెర్రస్‌ల ఫోటో అందరికీ తెలిసిందే. ఆ దృశ్యం ఇంట్లో ఎక్కడ నిలబడ్డా కనిపించదు. వాగుకి దిగువన నిలబడితేనే కనిపిస్తుంది. ఇల్లు కట్టించుకున్న ఎడ్గార్ కౌఫ్‌మన్ పిట్స్‌బర్గ్‌లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమాని. జలపాతానికి ఎదురుగా కూర్చుని చూసేలా ఇల్లు వస్తుందనుకున్నాడు. రైట్ తీసుకెళ్లి జలపాతం నెత్తి మీదే పెట్టాడు. దాంతో హాల్లో కూర్చుంటే నీళ్ల హోరు వినిపిస్తుందే తప్ప జలపాతం కనిపించదు. ఈ హోరు ఏ ఫోటోలోనూ రాదు.

ఇంకోటి, ఫైర్‌ప్లేస్ ముందున్న బండ. కొండ మీద మొదటినుంచీ ఉన్న రాయిని తొలగించకుండా దాని చుట్టూ నేల పరిచారు, అది ఇప్పటికీ హాల్లోకి పొడుచుకునే ఉంది. చుట్టూ ఉన్న నాపరాళ్లకి మైనం పట్టించి మెరిపించారు, బండని మాత్రం అలాగే వదిలేశారు. తడిగా మెరిసే వాగులోంచి పొడిగా పైకి తేలిన రాయిలా ఉంటుంది. అదే హాల్లో అద్దాల మూత జరిపితే మెట్లు నేరుగా వాగులోకి దిగుతాయి. ఆ మెట్లు దిగి నడిచి వెళ్లేది ఎక్కడికీ కాదు; నీళ్ల దాకా వెళ్లడానికే అవి.

ఇంటి వంకలు కూడా చెప్పుకోవాలి. కింద ఆసరా లేకుండా ముందుకు చాచిన ఆ కాంక్రీటు టెర్రస్‌లు కట్టినప్పటినుంచీ వాలుతూనే వచ్చాయి. వాలు 7 అంగుళాల దాకా వెళ్లాక, 2002లో లోపల ఉక్కు కేబుళ్లు వేసి బిగించారు. కొన్నిచోట్ల పైకప్పు మరీ తక్కువ ఎత్తు, పొడుగాటివాళ్లు తల చూసుకోవాలి. కుటుంబం వాడిన సామాను చాలావరకు అలాగే ఉండటం మాత్రం పెద్ద లాభం. కౌఫ్‌మన్ కొడుకు 1963లో ఇంటిని ఒక సంరక్షణ సంస్థకి అప్పగించాడు, మరుసటి ఏడాదే జనానికి తెరిచారు. మధ్యలో చేతులు మారలేదు కాబట్టి ఎవరో ఇప్పుడే బయటికెళ్లినట్టు ఉంటుంది.

రోబీ హౌస్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఊరి మధ్యలో, యూనివర్సిటీ పక్కన, కారు లేకపోయినా వెళ్లగలిగే చోట ఉంది. బయటినుంచి చూడ్డానికి పైసా అక్కర్లేదు. చాలామంది పేవ్‌మెంట్ మీద నిలబడి పొడవాటి చూరుని ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఈ ఇంటి విషయంలో అది దండగ పని, ఎందుకంటే అసలు ఆట లోపలే ఉంది. ముందు వాకిలి కోసం వెతుక్కోవాలి. వీధివైపు కనిపించకుండా రైట్ దాన్ని వెనక పక్కన దాచాడు. లోపలికి అడుగుపెడితే చీకటిగా, తల మీదికి వంగినట్టున్న గది. అక్కడినుంచి మెట్లెక్కి పైకి రాగానే పొడవునా రంగుటద్దాల తలుపులు, వాటిలోంచి పడే ఎండ. మనిషిని కాసేపు ఇరుకులో పెట్టి ఒక్కసారిగా వెలుతుర్లోకి వదలడం రైట్‌కి బాగా ఇష్టమైన పద్ధతి. దాన్ని నడిచి చూడాలి తప్ప ఇంకో దారి లేదు.

దగ్గరికెళ్లి గోడ చూడండి. సన్నగా పొడవుగా ఉండే ఇటుకలు. వరసకీ వరసకీ మధ్య అడ్డంగా వెళ్లే అతుకుని లోతుగా గీకి వదిలాడు. నిలువు అతుకులకి ఇటుక రంగే కలిపి, ఇటుకతో సమానంగా పూడ్చేశాడు. అందుకే కంటికి అడ్డగీతలే ఆనతాయి, ఇల్లు ఉన్నదానికన్నా పొడుగ్గా కనిపిస్తుంది. మేస్త్రీల ఓపిక్కి దండం పెట్టాలి.

వెలితి ఎక్కడంటే సామానులో. ఇల్లు కట్టించుకున్న ఫ్రెడరిక్ రోబీ సైకిళ్ల వ్యాపారి కుటుంబంలోంచి వచ్చినవాడు, 1910లో పూర్తయిన ఈ ఇంట్లో ఏడాది పైచిలుకు మాత్రమే ఉన్నాడు. తర్వాత చేతులు మారి, సెమినరీ (క్రైస్తవ మతవిద్య చెప్పే కాలేజీ) విద్యార్థుల హాస్టలై, కూల్చివేత దాకా వెళ్లింది. 1957లో తొంభైకి దగ్గరపడ్డ రైట్ స్వయంగా వచ్చి కూల్చొద్దని పట్టుబట్టాడు. ఇల్లు దక్కింది, గదులు మాత్రం కొంచెం బోసిగానే ఉంటాయి. ఇంట్లో మనుషులు ఎలా బతికారో చూడాలనుకునేవాళ్లకి ఫాలింగ్‌వాటరే మేలు.

ఫార్న్స్‌వర్త్ గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే నా లెక్కలో అది మూడోది. 1951లో పూర్తయింది. తెల్లటి ఉక్కు, నాలుగు పక్కలా అద్దం, మధ్యలో చెక్క గోడల వెనక బాత్రూములు, అంతే. విజిటర్ సెంటర్ నుంచి చెట్ల మధ్య నడిచి వస్తుంటే ఇల్లు దూరంగా తేలుతున్నట్టు కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక ఒక్క చుట్టు తిరిగితే అయిపోతుంది. ఫోటో చూసినవాళ్లకి కొత్తగా దొరికేది తక్కువ. గైడ్ చెప్పే కథ మాత్రం మూడింటిలోకీ రసవత్తరం. ఇల్లు కట్టించుకున్న డాక్టర్ ఈడిత్ ఫార్న్స్‌వర్త్‌కి ‘ఇల్లు కట్టి చూడు’ అన్న సామెత అక్షరాలా వర్తించింది: ఖర్చు పెరిగి, ఆర్కిటెక్టూ ఆవిడా కోర్టుకెక్కారు. గాలి రావడానికి ఒక తలుపు, అటు చివర రెండు చిన్న కిటికీలు. పక్కనున్న నది పొంగుతుందని నేలకి అయిదడుగుల పైన కట్టినా, 1996లో, 2008లో వరద లోపలికి వచ్చింది. ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు మాత్రం నా వరస పట్టించుకోకుండా ముందు ఇక్కడికే వెళ్లాలి. ఉక్కు స్తంభం దూలాన్ని కలిసేచోట అతుకు కనిపించకుండా ఎలా నునుపు చేశారో చూడ్డానికే వాళ్లకి ఒక పూట పడుతుంది.

కాబట్టి షికాగోలో ఉండి, కారు లేక, సగం రోజే చేతిలో ఉంటే రోబీ హౌస్‌కి వెళ్లండి, టికెట్ కొని లోపలికే వెళ్లండి. కారూ రోజంతా తీరికా ఉంటే ఫాలింగ్‌వాటర్‌కే నా ఓటు. పిట్స్‌బర్గ్ నుంచి సుమారు 70 మైళ్లు, చివర్లో కొండదారి. టికెట్ ముందే బుక్ చేసుకోండి, అక్కడికెళ్లాక చూద్దాంలే అంటే కుదరకపోవచ్చు. ఆరేళ్ల లోపు పిల్లల్ని గైడ్ టూర్‌లో ఇంటి లోపలికి రానివ్వరు, చంటిపిల్లలున్నవాళ్లు విడతలుగా వెళ్లాల్సిందే. దిగువనున్న వ్యూపాయింట్‌ని ఇల్లు చూశాకే పెట్టుకోండి. ఆ హోరు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.