2025 గోడ క్యాలెండర్: పన్నెండు నెలలు వాడాక

ఎరువుల కొట్లో ఊరికే ఇచ్చారు. దేవుడి బొమ్మ, తిథులు, వర్జ్యాలు అందరిళ్లలో ఉండేవే, వాటి జోలికి పోను. నన్ను పడగొట్టింది గడులు. ఒక్కోటి అగ్గిపెట్టెంత. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు, కొబ్బరి దింపు అన్నీ హాయిగా పట్టేశాయి. కాగితం కూడా నున్నగా, మందంగా ఉందని జనవరిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పాను.

ఇప్పుడు పన్నెండు కాగితాలూ తిరగేస్తే నా ఏడాదంతా కలిపి ఇదీ: బండలు 7, దింపులు 6, మోటారు రిపేరు 2 సార్లు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినట్టు ఒక టిక్కు. ఆగస్టులో ఒక గడిలో ‘తప్పకుండా’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఏం తప్పకుండానో మా ఆవిడకీ తెలీదు. కొబ్బరికి మంచి రేటు పలికిన ఏడాదే మా చెట్లు కాపు తగ్గించాయి. సెలవులంటారా, రిపబ్లిక్ డే, ఉగాది, శ్రీరామనవమి మూడూ ఆదివారాలే. దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబర్ 2నే. క్యాలెండర్ తప్పేం లేదు గానీ, చూసినప్పుడల్లా ఒళ్లు మండేది.

అసలు గొడవ అక్టోబర్ కాగితంతో వచ్చింది. మాకు రోజుకు అర లీటరు పాలు. పాలు రాని రోజు గడిలో ‘నా’ అని రాస్తాను, నాగా అని. ఆ నున్నటి కాగితం మీద బాల్‌పెన్ జారిపోతోందని జెల్‌పెన్‌కి మారాను. 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మాది వశిష్ఠ గోదావరికి ఇవతల, రాజోలు పక్కన. కిటికీ రెక్క ఊడి జల్లంతా వంటింటి గోడకే కొట్టింది. తెల్లారేసరికి నెలంతా నీలం నీళ్లు.

నవంబర్ ఒకటిన పాలావిడ లెక్కకొచ్చింది. నాగాలు అయిదన్నాను. నాలుగే అంది.

“కాయితం తడిసింది గానండి, నా బుర్ర తడవలేదండి బాబుగారూ!”

ఏయే రోజులో వేళ్ల మీద చెప్పింది. నాలుగూ సరే, తుఫాను మర్నాడు ఏదీ అన్నాను. ఆ రోజు ఎవరొస్తారు, చెట్లు దారికడ్డంగా పడుంటే? లోపల్నుంచి మా ఆవిడ అందుకుంది: “ఆ పొద్దున్న రెండు గ్లాసుల టీ తాగారు. దేంతో పెట్టాననుకున్నారు?” గోనెసంచి కప్పుకుని, పడ్డ కొమ్మలు దాటుకుంటూ వచ్చి పోసి వెళ్లిందట. నేను వంటింట్లో నీళ్లు ఎత్తిపోస్తూ చూడనేలేదు. ముప్పై అయిదు రూపాయలు ఇచ్చేశాను. ఆవిడ చిల్లర కూడా సరిగ్గా లెక్కపెట్టుకుంది.

కాబట్టి కాగితం గురించి జనవరిలో అన్నమాట కొంచెం తగ్గించుకుంటున్నాను. ఇద్దరే ఉండి, రాసుకోవడానికి పాలూ బండా తప్ప ఏమీ లేని మాలాంటి ఇంటికి బాగానే పనికొస్తుంది. పెళ్లిళ్లు, పరీక్షలు, ఆస్పత్రి తేదీలు ఉన్న ఇల్లయితే నన్ను నమ్మి తెచ్చుకోకండి.

ఈ ఏడుది కూడా అదే కొట్టు, అదే నున్నటి కాగితం. మేకు మాత్రం కిటికీకి దూరంగా కొట్టాను. పాల లెక్క పాలావిడనే అడుగుతున్నాను.